గ్రావెల్ పేరు చెప్పి రోడ్డు ఫ్రేమ్ అంటగట్టారు, కొనేముందు కొలవండి

కొరాపుట్, జైపూర్, రాయగడ నుంచి సైకిల్ కోసం విశాఖ వెళ్లేవాళ్లు ఇది చదివాకే వెళ్లండి. షాపు పేరు ఇక్కడ రాయను. ఫ్రేములు తెప్పించి అసెంబుల్ చేసి ఇస్తామని వాట్సాప్‌లో ఫొటోలు పంపే షాపు అంటే మన వైపు తొక్కేవాళ్లకు అర్థమైపోతుంది.

మాది సెమిలిగూడ. తారు రోడ్డు దిగితే అంతా ఎర్రమట్టి, కంకర. దేవమాలి వైపు పోవాలన్నా, పొట్టంగి పక్క ఊళ్లు తిరగాలన్నా సన్న టైర్ల రోడ్డు సైకిల్ పనికిరాదు. అందుకే మట్టి, కంకర దారుల కోసం వెడల్పు టైర్లతో చేసే గ్రావెల్ బైకే కావాలని అడిగాను. హెడ్ యాంగిల్ 71 డిగ్రీలు, చైన్‌స్టే 430 మిల్లీమీటర్లు, 40 టైరు పడుతుంది అని చార్టు పంపారు. హెడ్ యాంగిల్ అంటే ఫ్రేము ముందు ఉండే హెడ్ ట్యూబ్ అనే గొట్టం నేలతో చేసే కోణం. చైన్‌స్టే అంటే పెడళ్లు తిరిగే క్రాంక్ దగ్గర నుంచి వెనక ఇరుసు దాకా వచ్చే కడ్డీ. 40 అంటే మిల్లీమీటర్లలో టైరు వెడల్పు. డబ్బు కట్టాను. సైకిల్ 32 టైర్లతో వచ్చింది. అదేమిటంటే 40 స్టాకు లేదు, తర్వాత మార్చుకోమన్నారు.

సుంకి ఘాట్ దిగేటప్పుడు బండి అసలు సంగతి బయటపడింది. మలుపుల అంచున లారీల టైర్లు తోసేసిన కంకర పోగుపడి ఉంటుంది కదా, ముందు చక్రం దాని మీదికి వెళ్లగానే హ్యాండిల్ అటూ ఇటూ కొట్టుకుంది. గట్టిగా పట్టుకుంటే ఇంకా వణికింది. గుంతలో పడ్డ ప్రతిసారీ దెబ్బ నేరుగా నడుముకే. కింద ఇరుకు మలుపులో నెమ్మదిగా తిప్పుతుంటే బూటు ముందు టైరుకు తగిలి పడబోయాను. వెనక లారీ ఉంది. ఇప్పుడు తలచుకున్నా చేతులు చల్లబడుతున్నాయి.

ఇంటికొచ్చి టేపు పెట్టాను. క్రాంక్ మధ్య నుంచి వెనక ఇరుసు మధ్య దాకా 410. ఫోన్‌లో కోణం చూపే యాప్ పెట్టి హెడ్ ట్యూబ్‌కు ఆనిస్తే 73. ఇవి రోడ్డు రేసు సైకిల్ కొలతలు. ఇక 40 టైరు తెచ్చి వెనక పెడితే చైన్‌స్టేకు రాసుకుంటోంది, చక్రం తిరగనే లేదు.

చార్టు, టేపు, ఆ టైరు పట్టుకుని షాపుకి వెళ్లాను. నలుగురు కస్టమర్లున్నారు. అందరి ముందే ఫోన్ ఆనించి 73 చూపించాను. ఓనరు కనీసం అటు చూడలేదు. "రెండు డిగ్రీలకే బండి పడిపోతుందా? ఘాట్ దిగడం రాక సైకిల్ మీద పెడుతున్నావు బాబూ. మీ ఒరిస్సా వాళ్లు ఇంటర్నెట్లో నాలుగు ముక్కలు చదువుకుని వచ్చేస్తారు" అన్నాడు. మరి ఈ చార్టేమిటి అంటే, "అది రిఫరెన్సుకి పంపాం" అన్నాడు. బండి బిగించిన కుర్రాడు తల దించుకుని, "అది వేరే ఫ్రేముది అన్నా" అన్నాడు మెల్లగా. చార్టు పైన మోడల్ పేరు ఉండే వరస కత్తిరించి పంపారని అప్పుడు తెలిసింది. తెలిసే చేశారు. నా కోపమంతా అక్కడే.

రెండు డిగ్రీలే కదా అని ఎవరన్నా అంటే నమ్మొద్దు. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్క్ తిరిగే గీతను నేల దాకా పొడిగిస్తే అది టైరు నేలను తాకే చోటు కంటే కాస్త ముందు పడుతుంది. ఆ మధ్య దూరమే ట్రెయిల్. అది ఎక్కువుంటే చక్రం తనంతట తాను తిన్నని దారికి వస్తుంది, కంకరలో నిలకడగా పోతుంది. 40 టైరు, 45 మిల్లీమీటర్ల ఆఫ్‌సెట్ (ఆ గీత కంటే ముందు ఇరుసు ఎంత ముందుకుందో ఆ దూరం) ఉన్న ఫోర్క్ అనుకుంటే 71 డిగ్రీల దగ్గర ట్రెయిల్ సుమారు 73 మిల్లీమీటర్లు, 73 డిగ్రీల దగ్గర సుమారు 60. ట్రెయిల్ తగ్గితే హ్యాండిల్ చురుగ్గా తిరుగుతుంది. నున్నటి తారు మీద ఆ చురుకు బాగుంటుంది. రాళ్ల దిగుడులో అదే టెన్షన్. చైన్‌స్టే పొట్టిదైతే వెనక చక్రం దాదాపు మన కిందికే వస్తుంది కాబట్టి దెబ్బ సూటిగా తగులుతుంది, ఎక్కుడులో ముందు చక్రం తేలుతుంది. రేసుల కోసం 72 దాకా పెట్టే గ్రావెల్ సైకిళ్లూ ఉన్నాయి, కాదనను. కానీ అది తెలిసి కొనుక్కోవడం వేరు, 71 అని చెప్పి 73 ఇవ్వడం వేరు.

చివర్లో ఓనరు, "పొట్టి స్టెమ్ వేసిస్తాలే, రెండు వేలివ్వు" అన్నాడు. స్టెమ్ అంటే హ్యాండిల్‌ను ఫోర్క్‌కు కలిపే ముక్క. అది మారిస్తే చేతులు ఉండే చోటు మారుతుంది తప్ప ట్రెయిల్ వెంట్రుకవాసి మారదు. ఆఫ్‌సెట్ తక్కువున్న ఫోర్క్ వేస్తే ట్రెయిల్ పెరుగుతుంది గానీ ముందు చక్రం ఇంకా దగ్గరికి వచ్చి బూటుకు మరింత తగులుతుంది. ఫ్రేమే తప్పైనప్పుడు పైపై మార్పులతో ఒరిగేదేమీ లేదు.

కొనేవాళ్లు టేపు తీసుకెళ్లండి, చైన్‌స్టే మీరే కొలవండి. రెండు టైర్లూ ఒకే సైజువి పెట్టించి, చదునైన నేల మీద కోణం చూడండి. మీకు కావలసిన టైరు అక్కడే ఎక్కించమనండి. పెడల్ ముందుకు పెట్టి హ్యాండిల్ తిప్పి బూటు తగులుతోందేమో చూసుకోండి. బిల్లు మీద ఫ్రేము మోడల్, సైజు రాయించుకోండి. నా బిల్లులో సైకిల్ అని మాత్రమే ఉంది.

డబ్బు వెనక్కి ఇవ్వనన్నాడు. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే ఫిర్యాదు వేయొచ్చు, విశాఖ చుట్టూ తిరగనక్కర్లేదు. నేను కొరాపుట్‌లోనే వేస్తున్నాను. ఇలాంటిది మీకు జరిగితే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. పైవరస కత్తిరించిన ఆ చార్టు మీకూ వచ్చి ఉంటే, తేదీతో సహా స్క్రీన్‌షాట్ నాకు పంపండి. ఫిర్యాదుకు జత చేస్తాను.