వెంచర్ వాన నీటికి దారి చూపించిన సర్వే ఆఫీసు: 5కి 4 స్టార్లు

భోగాపురం వైపు పొలాలున్నవాళ్లకి ఈ రివ్యూ బాగా పనికొస్తుంది. విమానాశ్రయం పనులు మొదలైన దగ్గర్నుంచి ఇటు జీడితోటలు వరసగా ప్లాట్లయిపోతున్నాయి. మా ఎగువన ఉన్న 12 ఎకరాల తోట కూడా అలాగే లేఅవుట్ అయింది. దాని దిగువన మాకూ మా చిన్నాన్నకూ వరి మడులు, గట్ల మీద కొబ్బరి.

తోట ఉన్నన్నాళ్లూ పైనుంచి నీరు రాలేదని నేను అనను. వచ్చేది. కాకపోతే చాలామటుకు ఎర్రమట్టిలో ఇంకిపోయి, మిగిలింది గట్టు పొడుగునా పల్చగా దిగేది. వెంచర్ వాళ్లు రోడ్లేసి, పక్కన సిమెంటు కాలువలు కట్టి, ఆ నీరంతా ఒక మూలకి చేర్చి మా గట్టు వైపు పైపు వదిలారు. తొలి వానాకాలంలోనే గట్టు తెగింది. నాటిన మడి మీద ఎర్రమట్టి మేట వేసింది. ఊళ్లో పెద్దమనుషులు కూర్చున్నాక, డబ్బు వాళ్లు పెట్టాలి, ఇంజనీరును మేం పిలవాలి అని ఒప్పందం కుదిరింది. అలా పిలిచింది ఈ ఆఫీసునే.

వీళ్లకంటే ముందు వెంచర్ తరఫున ఒకాయన వచ్చి, లేఅవుట్ ప్లాన్ చూసి, పైపు పెద్దది వేస్తే సరిపోతుందని చెప్పి వెళ్లిపోయాడు. పైపు పెద్దదైతే అదే నీరు ఇంకా జోరుగా మా మీద పడుతుంది, అంతే కదా! ఈ ఆఫీసు వాళ్లు అలా చేయలేదు. ఆటో లెవెల్ (నేల ఎత్తుపల్లాలు కొలిచే పరికరం) పట్టుకుని వెంచర్ పైనున్న మెరకల నుంచి, మా మడుల మీదుగా, గెడ్డ (వాగు) దాకా లెవెల్స్ తీశారు. వెంచర్ ప్రహరీ కట్టినప్పుడు పైవాళ్ల నీరు దిగే పాత బోదె మూసుకుపోయిందని కూడా వాళ్లే కనిపెట్టారు. మేం మా గోడు చెప్పుకోవడంలో పడి ఎగువవాళ్ల పొలంలో నీరు నిలుస్తోందన్న సంగతి ఎవరం పట్టించుకోలేదు.

నాకు బాగా గుర్తుండిపోయిన ఘట్టం ఒకటుంది. వచ్చిన కుర్ర ఇంజనీరు మా చిన్నాన్నని అడిగాడు: "తాతగారూ, 2021లో గులాబ్ తుపానుకి గెడ్డ నీరు ఎక్కడి దాకా వచ్చింది?" చిన్నాన్న అతన్ని మోటారు షెడ్డు దగ్గరికి తీసుకెళ్లి, సున్నం కింద ఇంకా కనిపిస్తున్న బురద చార మీద వేలు పెట్టాడు. "ఇక్కడికి, బాబూ. గెడ్డ నిండిందంటే మన నీరు దిగదు. అదే మన మీదకి ఎక్కుతాది." ఆ అబ్బాయి సరేనని తలూపి ఊరుకోలేదు. అక్కడికక్కడే ఆ చార దగ్గర స్టాఫ్ (కొలత గీతలున్న పొడవాటి కర్ర) నిలబెట్టించి రీడింగ్ రాసుకున్నాడు. డిజైన్ అంతా ఆ ఒక్క రీడింగ్ మీద నిలబడింది.

ఎందుకంటే కాలువ తవ్వి నేరుగా గెడ్డలో కలిపేస్తే, పెద్ద వాన రోజున కాలువ మూతి నీళ్లలో మునిగిపోతుంది. నీరు పోవాల్సిన రోజే పోదు. ఎకరం మీద 5 సెంటీమీటర్ల వాన పడితే దాదాపు 2 లక్షల లీటర్లు, 12 ఎకరాలకి 24 లక్షల లీటర్లు అని కాగితం మీద లెక్కేసి చూపించాడు. గెడ్డ తగ్గేదాకా అందులో కొంతైనా ఆపుకోవాలి. అందుకని వెంచర్ పార్కు స్థలంలో పల్లపు మూలన పాతిక సెంట్ల గుంట, 5 అడుగుల లోతు, వాలు గట్లతో. సుమారు 12 లక్షల లీటర్లు పడుతుంది. గుంటలోంచి నీరు చిన్న పైపు గుండా నెమ్మదిగా బయటికొస్తుంది. పైపు మూతి ఆ బురద చార కంటే ఎత్తులో ఉంటుంది. నీరు పడేచోట నేల కోసుకుపోకుండా రాళ్లు పరిచారు. అక్కడి నుంచి సరిహద్దు వెంట కాలువ గెడ్డ దాకా పోతుంది. ప్రహరీ కింద బోదెకి మళ్లీ తూము పెట్టారు. పిల్లలు పడకుండా గుంట చుట్టూ కంచె కూడా డ్రాయింగ్‌లోనే చూపించారు.

పోయిన వానాకాలం పైపు దగ్గర నిలబడి చూశాను. గుంట మూడొంతులు నిండింది, మా గట్టు చెక్కుచెదరలేదు.

ఒక స్టార్ ఎందుకు తగ్గించానంటే, డ్రాయింగ్ మొత్తం ఇంగ్లీషులో, మీటర్లలో ఇచ్చారు. తవ్వే మేస్త్రీకీ, చిన్నాన్నకీ అడుగుల్లో చెప్తేనే అర్థమవుతుంది. గట్టిగా అడిగితే గానీ తెలుగులో కాగితం రాలేదు. అంతకంటే పెద్ద లోటు, గుంటలో చేరే ఇసుక, మట్టి ఎవరు తీయాలి, ఎప్పుడు తీయాలి అన్నది రిపోర్టులో లేదు. ప్లాట్లన్నీ అమ్ముడై వెంచర్ వాళ్లు వెళ్లిపోతే ఆ పని ఎవరిదో తెలియక మాకు టెన్షన్‌గానే ఉంది. మీరు పిలిపిస్తే ఈ ముక్క ముందే రాయించుకోండి, వెంచర్ వాళ్ల చేత సంతకం కూడా పెట్టించండి.

ఎగువ నుంచి సహజంగా దిగే నీటిని దిగువవాళ్లు ఆపకూడదని 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టంలోనే ఉంది. పోగుచేసి ఒకేచోట వదిలే నీటి సంగతి వేరే. దాని మీద ఈ ఆఫీసు వాళ్లు సలహా ఇవ్వరు, లాయర్నే అడగమంటారు. అది వాళ్ల నిజాయితీ అనే అనుకుంటాను.

పిలిచేవాళ్లు మే నెలలోనే పిలవండి. దమ్ము పట్టాక మడిలో స్టాఫ్ నిలబెట్టడం కష్టం. ఎఫ్‌ఎంబీ (పొలం కొలతలుండే సర్వే పటం) కాపీ, లేఅవుట్ ప్లాన్ దగ్గర పెట్టుకోండి. పాత వరదలు చూసిన పెద్దవాళ్లు ఎవరున్నా ఆ రోజు పొలంలో ఉండేలా చూసుకోండి.