పెద్ద టెక్ కంపెనీలో ఉద్యోగం: నా రేటింగ్ 5కి మూడున్నర

కంపెనీ పేరు చెప్పను, చెప్పినా పెద్దగా ఉపయోగం లేదు, ఈ సైజు కంపెనీలు లోపలికెళ్ళి చూస్తే చాలావరకు ఒకేలా ఉంటాయి.

ముందు డబ్బు సంగతి, ఎలాగూ అందరూ వెతికేది అదే కదా. జీతం బాగుంటుంది, బోనస్ ఉంటుంది, కానీ అసలు మేటర్ షేర్లలో ఉంది. ఆఫర్ లెటర్‌లో పెద్ద నంబర్ చూసి పొంగిపోకండి, అది మామూలుగా 4 ఏళ్ళ మీద కొంచెం కొంచెంగా ఇచ్చేది. కొన్ని చోట్ల ఏడాది నిండకుండా మానేస్తే ఒక్క షేరు కూడా రాదు. అమెజాన్‌లో అయితే చాలాకాలం మొదటి ఏడాది 5 శాతం, రెండో ఏడాది 15 శాతం, మిగతా 80 చివరి రెండేళ్ళలో అన్నట్టు నడిచింది, ఆ లోటు పూడ్చడానికి మొదట్లో క్యాష్ బోనస్ ఇచ్చేవాళ్ళు. పైగా చేతికొచ్చే రోజున షేరు ధర ఎంతుంటే అంతే. 2022లో మెటా షేరు దాదాపు మూడింట రెండొంతులు పడిపోయింది, ఆ ఏడాది మొదట్లో ఆఫర్ తీసుకుని ఆ నంబర్ చూసుకుని అప్పు చేసినవాళ్ళ పరిస్థితి ఊహించుకోండి.

నేర్చుకోవడం విషయంలో మాత్రం ఫుల్ మార్కులు. రాసిన ప్రతి లైనూ ఇంకొకరు చూడాల్సిందే, చూసి ఓకే అన్నాక కూడా అందరికీ ఒకేసారి వదలరు, ముందు ఏ ఒక్క శాతం యూజర్లకో ఇచ్చి, గ్రాఫులు చూసి, తేడా కొడితే వెంటనే వెనక్కి లాగేస్తారు. సర్వీస్ పడిపోతే ఎవడు చేశాడు అని కాకుండా ఎందుకు జరిగింది అని రాసే పద్ధతి ఉంటుంది, ఇది మంచి టీముల్లో నిజంగానే పాటిస్తారు. ఈ అలవాట్లు తర్వాత ఎక్కడికెళ్ళినా పనికొస్తాయి. టూల్స్ మాత్రం పనికిరావు. అన్నీ లోపల కట్టుకున్నవే. గూగుల్ లోపల బోలెడన్ని సర్వర్ల మీద ప్రోగ్రాములు నడిపే బోర్గ్ అనే టూల్ అనుభవం నుంచి 2014లో కుబర్నెటీస్ అని అలాంటిదే ఇంకో టూల్ ఓపెన్ సోర్స్‌గా, అంటే ఎవరైనా వాడుకునేలా, బయటికొచ్చింది, కానీ అలాంటి అదృష్టం అన్ని టూల్స్‌కీ ఉండదు, మీరు ఏళ్ళ తరబడి ఎక్స్‌పర్ట్ అయిన దాని పేరు కూడా బయట ఎవడికీ తెలీదు.

ఇక విసిగించేవి. ఒక బటన్ మార్చాలంటే డిజైన్ డాక్ (ఏం చేస్తాం, ఎలా చేస్తాం అని ముందే రాసే కాగితం), ప్రైవసీ రివ్యూ, సెక్యూరిటీ రివ్యూ, లీగల్, పక్క టీమ్ ఒప్పుకోలు... కోట్లమంది వాడేది కాబట్టి ఇందులో సగం న్యాయమే, మిగతా సగం ఎవరో తన సంతకం లేకుండా జరగకూడదని పెట్టించుకున్నది. ప్రమోషన్ కావాలంటే కొత్తది లాంచ్ చెయ్యాలి, పాతదాన్ని పడిపోకుండా చూసుకునేవాడికి థాంక్స్ మాత్రమే దొరుకుతుంది, అందుకే ఒకే పని చేసే రెండు మూడు ప్రాడక్టులు ఒకే కంపెనీ నుంచి రావడం, వాటిలో ఒకటి చడీచప్పుడు లేకుండా మూతపడటం. ఉద్యోగుల్ని వరసలో నిలబెట్టి మార్కులేసే పద్ధతి మైక్రోసాఫ్ట్ 2013లో తీసేసింది గానీ, కింద ఉన్న కొంతమందిని పంపెయ్యాలన్న ఆలోచన చాలా చోట్ల వేరే పేర్లతో బతికే ఉంది.

నేను స్టార్లు కోసింది ఎక్కువగా దీనికే. కోడ్ మార్చడానికి అంత జాగ్రత్త పడే చోట మనుషుల్ని తియ్యడానికి ఆ జాగ్రత్త కనపడదు. 2022 నవంబర్‌లో మెటా 11,000 మందికి పైగా తీసేసింది, 2023 జనవరిలో గూగుల్ సుమారు 12,000, మైక్రోసాఫ్ట్ 10,000 అని ప్రకటించాయి. గూగుల్‌లో చాలామందికి ఈమెయిల్‌తోనే తెలిసింది, అప్పటికే లాగిన్ పనిచెయ్యట్లేదు. మంచి రేటింగ్ ఉన్నవాళ్ళు కూడా పోయారు, అంటే కష్టపడితే సేఫ్ అన్న లెక్క ఇక్కడ నడవదు.

అయినా మొదటి కొన్నేళ్ళకి వెళ్ళమనే చెప్తాను. కాకపోతే కంపెనీ పేరు చూసి కాదు, టీమ్ చూసి వెళ్ళండి. ఒకే బిల్డింగ్‌లో ఒక ఫ్లోర్‌లో ఆరింటికి ఇంటికెళ్ళేవాళ్ళు, పై ఫ్లోర్‌లో అర్ధరాత్రి అలర్ట్‌లతో నిద్రలేనివాళ్ళు ఉంటారు. మేనేజర్‌తో మాట్లాడే అవకాశం వస్తే ఈ టీమ్ పోయిన ఏడాదిలో ఎంతమంది మేనేజర్ల చేతులు మారిందో అడగండి, సిగ్గుపడకండి. ఆన్‌కాల్ (సర్వీస్‌కి ఏదైనా అయితే ఏ వేళలోనైనా ఫోనెత్తి చూసుకునే డ్యూటీ) వంతుల్లో ఎంతమంది ఉన్నారో కూడా అడగండి, నలుగురే అంటే దాదాపు నెలకో వారం మీ ఫోన్ మీది కాదు.