ఓర్వకల్లు వెంచర్: రోడ్డు బాగుంది, ఎవరుంటారు మరి?

కర్నూలు నుంచి నంద్యాల వైపు పోతుంటే ఓర్వకల్లు చుట్టుపక్కల ఇప్పుడు పొలాల కన్నా వెంచర్ బోర్డులే ఎక్కువ కనిపిస్తాయి. వాటిలో ఒకదాని గురించి ఈ రివ్యూ. పేరు రాయను. ముందే చెప్పేస్తున్నా, ప్లాటు కొని పదేళ్లు పక్కన పడేసేవాళ్లకు ఇది పర్వాలేదు. ఇల్లు కట్టుకుని కాపురం పెడదామనుకునేవాళ్లు ఆగండి.

నేను కర్నూలులో ఇళ్లకు వైరింగ్ కాంట్రాక్టు చేస్తాను. ఎవరింటికి పోయినా నా కళ్లు ముందు మీటరు బోర్డు మీద పడతాయి. అందుకే ఇందులో కరెంటు గోల కాస్త ఎక్కువే ఉంటుంది, సర్దుకోండి.

వాళ్ల ఏసీ బండి సీ క్యాంపులో మమ్మల్ని ఎక్కించుకుంది. నేను, మా ఇంటామె, ఇంకో రెండు కుటుంబాలు. పొద్దున ఉగ్గాని బజ్జీ పెట్టించారు, దానికి మాత్రం వంక పెట్టను. బండి కదలగానే మార్కెటింగ్ కుర్రాడు అందుకున్నాడు: ఎయిర్‌పోర్టు, ఇండస్ట్రియల్ కారిడార్, డ్రోన్ సిటీ. అబద్ధాలేమీ కావు. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టిన విమానాశ్రయం నుంచి 2021 మార్చి 28న విమానాలు మొదలయ్యాయి. 2024 ఆగస్టులో కేంద్ర క్యాబినెట్ ఓర్వకల్లు పారిశ్రామిక నోడ్‌కు ఒప్పుకుంది. 2,621 ఎకరాలు, 2,786 కోట్లు. కడప దగ్గరి కొప్పర్తికీ అదే రోజు ఆమోదం వచ్చింది. బ్రోచర్‌లో ఇవన్నీ రంగురంగుల్లో ఉన్నాయి. కానీ వీటిలో ఒక్కటీ ఆ వెంచర్ వాళ్లు తెచ్చింది కాదు కదా! ప్రభుత్వం తెచ్చేవాటిని చూపించి తమ సెంటు ధర పెంచుకుంటున్నారు. తాము సొంతంగా ఏం చేశారో చూద్దామనే నేను పోయింది.

సెంటు ఎంతో ఇక్కడ రాయను. బండి ఎక్కేటప్పుడు ఒక రేటు చెప్పారు, దిగేటప్పుడు "ఆదివారం వరకే సార్" అంటూ ఇంకో రేటు చెప్పారు. మీరు పోయే రోజుకు అది ఎక్కడుంటుందో వాళ్లకే తెలియాలి.

బాగున్నవి ముందు చెబుతా. కాగితాలు సరిగ్గా ఉన్నాయి. కుడా, అంటే కర్నూలు పట్టణాభివృద్ధి సంస్థ, ఇచ్చిన ఎల్‌పీ (లేఅవుట్ పర్మిషన్) నంబరు ఉంది. రియల్ ఎస్టేట్ మీద నిఘా పెట్టే రెరా సైటులో నంబరు కొట్టి చూస్తే ప్రాజెక్టు కనబడింది. ఈసీ (స్థలం మీద జరిగిన లావాదేవీల పత్రం), లింకు డాక్యుమెంట్లు (పాత అమ్మకం దస్తావేజులు) అడగ్గానే ఇచ్చారు. సర్వే నంబరు 22ఎ జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో, లేదు. మా వైపు అసైన్డ్ భూములు (ప్రభుత్వం పేదలకు ఇచ్చినవి) కొని ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నవాళ్లను చూశాను కాబట్టి దీనికి మంచి మార్కులే వేస్తాను. రోడ్లు నలభై అడుగులవి, తారు గట్టిగా పడింది. పార్కులో బేతంచెర్ల బండ పరిచారు, పక్క ఊరి బండే కదా, చూడ్డానికి ముచ్చటగా ఉంది.

ఇక స్తంభాల దగ్గరికొద్దాం. వీధి దీపాల స్తంభాలు వరసగా, తళతళలాడుతూ నిలబడి ఉన్నాయి. పైన ఎల్ఈడీ లైట్లు కూడా బిగించారు. నాకు చెయ్యి ఊరుకోదు, జేబులో టెస్టర్ తీసి ఒక స్తంభం కింద జంక్షన్ బాక్సు మూత విప్పాను. లోపల ఎంసీబీ (ట్రిప్ అయ్యే స్విచ్చు) లేదు, కేబుల్ కొస లేదు, కందిరీగల గూడు మాత్రం ఉంది. పక్క స్తంభం విప్పితే అందులో అదీ లేదు. "పైపు వేసేశాం సార్, కేబుల్ లాగడమే మిగిలింది" అన్నాడు కుర్రాడు. భూమిలోంచి పైకి వచ్చిన పైపు నోటి నిండా మట్టి గట్టిపడి ఉంది. ఆ పైపులో కేబుల్ లాగాలంటే మళ్లీ తవ్వాల్సిందే. ట్రాన్స్‌ఫార్మర్‌కు దిమ్మె కట్టి, చుట్టూ కంచె వేసి, 'డేంజర్' బోర్డు కూడా తగిలించారు. దిమ్మె మీద ఏమీ లేదు.

నీళ్ల ట్యాంకూ అంతే. కంపెనీ పేరు పెద్దక్షరాల్లో రాశారు. కింద బోరు మోటారుకు స్టార్టర్ డబ్బా లేదు, వాల్వు చక్రం మీద రంగు కూడా చెరగలేదు. అంటే దాన్ని ఎవరూ ఇంకా తిప్పలేదన్నమాట. ఆదోని వైపు నుంచి వచ్చిన వాచ్‌మన్ కుటుంబం అక్కడ గుడిసె వేసుకుని ఉంది. ఇన్ని ఎకరాల్లో రాత్రిపూట పడుకునేది వాళ్లే. నీళ్ల సంగతి అడిగితే వాచ్‌మన్ భార్య చెప్పింది: "ట్యాంకర్ వస్తాదన్నా. మొక్కలకు పోసినంక మాకు."

మా ఇంటామె కుర్రాణ్ని ఒకటే అడిగింది. "నాయనా, ఈడ రాత్రి పిల్లోనికి జ్వరమొస్తే యాడికి పోవాల?" వాడు గుక్క తిప్పుకోకుండా "ఎయిర్‌పోర్టు ఐదు నిమిషాలే అమ్మా" అన్నాడు. బండిలో అందరం నవ్వాం, వాడూ నవ్వాడు. పాపం, వాడికి నేర్పించింది అంతే.

ఫ్యాక్టరీ వస్తే జనం వాళ్లంతట వాళ్లే వస్తారని మేనేజరు నమ్మకం. మా బావమరిది పెనుకొండ దగ్గర కియాలో చేస్తాడు. అక్కడ 2019లోనే కార్లు బయటికొచ్చాయి. అతని కాపురం ఇప్పటికీ అనంతపురంలోనే, రోజూ డెబ్భై కిలోమీటర్లు బస్సులో పోయి వస్తాడు. పిల్లల చదువు అక్కడ, మా చెల్లెలి ఉద్యోగం అక్కడ. జీతం ఒక ఊళ్లో, ఇల్లు ఇంకో ఊళ్లో పెట్టుకోవడం మనవాళ్లకు కష్టమేమీ కాదు. ఓర్వకల్లుకు కర్నూలు ఇంకా దగ్గర, పాతిక కిలోమీటర్ల లోపే.

ఇళ్లు కట్టి అమ్మే మేస్త్రీ ఒకాయనకు అక్కడి నుంచే ఫోన్ చేశాను. రెండు ప్లాట్లు తీసుకుని రెండిళ్లు కట్టకూడదా అని అడిగితే ఆయన ఒక్క మాటలో తేల్చేశాడు: "స్లాబు వేసినంక రెండు వారాలు నీళ్లు కట్టాల. ట్యాంకర్ నీళ్లతో క్యూరింగ్ చేస్తే నాకు మిగిలేదేంది?" బిల్డరు రానిచోట ఇల్లు లేవదు, ఇల్లు లేవనిచోట అంగడి పెట్టేవాడు రాడు. ఈ ముడి ఎక్కడో ఒకచోట వెంచర్ వాళ్లే విప్పాలి. వాళ్లేమో బుక్ చేసినవాళ్లకు వెండి పళ్లెం ఇస్తున్నారు.

అసలు ఓర్వకల్లు ఊరిని చూస్తే తెలుస్తుంది. 1990ల మధ్యలో పొదుపు సంఘాలు పెట్టుకున్న ఆడవాళ్లు తర్వాత సొంతంగా బాలభారతి బడి కట్టుకున్నారు. వాళ్ల చేతిలో బ్రోచర్ లేదు, ఎయిర్‌పోర్టు ఊసే లేదు. వెంచర్ ఆఫీసులో ఆ బడి పేరు ఒక్కరూ ఎత్తలేదు. నేనైతే మొదటి పేజీలో వేసేవాణ్ని. బడికి ఉచితంగా ఒక వ్యాను నడుపుతాం, మొదట ఇల్లు కట్టే పది మందికి నీటి కనెక్షన్, కరెంటు సర్వీసు మా ఖర్చు అని రాస్తే, మా ఇంటామె ఆ రోజే సంతకం పెట్టించేది.

డబ్బు దగ్గర జాగ్రత్త. ముప్పై శాతం కట్టండి, రసీదు ఇస్తాం అన్నారు. అగ్రిమెంటు రాసి రిజిస్టరు చేయకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదని రెరా చట్టంలో ఉంది కదా అన్నాను. మేనేజరు వెంటనే "మీకోసం పదే సార్" అన్నాడు, తెలియక అడిగినట్టు లేదు. ఇంకోటి, లేఅవుట్ పనులు పూర్తయ్యేదాకా 15 శాతం స్థలం కుడా దగ్గర తనఖాలో ఉంటుంది. ఆ ప్లాట్ల నంబర్లు అడిగి రాయించుకోండి. పార్కు ఎదురుగా ఉందని మాకు ఎంతో మురిపెంగా చూపించిన మూల ప్లాటు తీరా చూస్తే ఆ తనఖా లిస్టులోదే.

కాగితాలకు, రోడ్లకు ఐదుకు నాలుగు. నీళ్లకు ఒకటి, అదీ ట్యాంకు కట్టారు కాబట్టి. కరెంటుకు ఇప్పుడే వేయను. దిమ్మె మీద ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కించి ఛార్జ్ చేసిన రోజు ఫోన్ చేయమని కుర్రాడికి చెప్పాను. వాడు రోజూ చేస్తూనే ఉన్నాడు, దసరా ఆఫర్ ఉందని.