ఒకే ఒప్పందం, రెండు నదులు: అలన్ మైకెల్సన్ కళాకృతుల పోలిక

తెల్ల పూసల పట్టీ మీద రెండు ఊదా గీతలు. ఒకటి ఉత్తర అమెరికా మూలవాసి తెగల కూటమి అయిన హోడెనోషోనీల పడవ, రెండోది డచ్ వాళ్ల ఓడ. పక్కపక్కనే సాగాలి, ఒకరి చుక్కాని ఇంకొకరు పట్టకూడదు. 1613 నాటిదని హోడెనోషోనీలు చెప్పే ఈ 'రెండు వరసల' ఒప్పందాన్ని, ఆ కూటమిలోని మొహాక్ తెగకు చెందిన కళాకారుడు అలన్ మైకెల్సన్ రెండుసార్లు నదిగా మార్చాడు.

2005 నాటి 'టూరో 2' వీడియో. కెనడాలోని గ్రాండ్ నదికి ఒక ఒడ్డున హోడెనోషోనీలు ఉండే సిక్స్ నేషన్స్ రిజర్వ్, ఎదుటి ఒడ్డున ఇతరుల ఊళ్లు. ఊదా రంగులో రెండు ఒడ్లూ ఎదురెదురు దిశల్లో కదులుతుంటాయి. వెనక టూరిస్టు పడవ కెప్టెన్ కబుర్లు, మధ్యమధ్యలో సిక్స్ నేషన్స్ పెద్దల మాటలు. ఒకే నీటి గురించి రెండు కథలన్నమాట.

2009 నాటి 'థర్డ్ బ్యాంక్ ఆఫ్ ది రివర్' గాజు మీద చేసింది. సెయింట్ లారెన్స్ నది ఒడ్లు, అవే ఊదా, తెలుపు. కదలిక లేదు, మాట లేదు. కానీ అది ఉన్న చోటు చూడండి: న్యూయార్క్ రాష్ట్రం మసీనాలో, కెనడా వైపు ఉన్న అమెరికా సరిహద్దు తనిఖీ కేంద్రం! పక్కనే, ఆ సరిహద్దు రెండుగా చీల్చిన మొహాక్ నేల అక్వెసాస్నే.

ఒప్పందం లోతు తెలియాలంటే గొంతులున్న వీడియోనే మేలు. నా ఓటు మాత్రం గాజుకే. వీడియో కోసం మనం పనిగట్టుకుని గ్యాలరీకి వెళ్లాలి, దీని దగ్గరికి పాస్‌పోర్టులు చూసే అధికారులే రోజూ డ్యూటీకి వస్తారు.