లెక్క తప్పిన మానిఫోల్డ్‌తో 68,000 కిలోమీటర్లు

నేనే గీసి, కోసి, వెల్డింగ్ చేసిన ఇన్‌టేక్ మానిఫోల్డ్ (ఇంజిన్ సిలిండర్లకు గాలిని పంచే గొట్టాల అమరిక) నా కారుకు బిగించి ఐదేళ్లు దాటింది. ఇంజిన్ 1.6 లీటర్లది, నాలుగు సిలిండర్లు, టర్బో లేదు. ఈ కాలంలో నేను రెండు మానిఫోల్డులు తయారు చేశాను. మొదటిదానికి లెక్క తప్పింది. రెండోదాన్ని తప్పు దిద్దుకుని చేశాను. ఇవాళ కారు మీద ఉన్నది మాత్రం మొదటిదే. ఇలాంటి పనికి పూనుకోవాలనుకునేవారికి ఆ కారణం తెలియాలనే ఇది రాస్తున్నాను.

ముందు ఆ లెక్క గురించి. సిలిండర్‌లోకి దూసుకొస్తున్న గాలికి ఎదురుగా ఇన్‌టేక్ వాల్వ్ మూసుకోగానే అక్కడ ఒత్తిడి పెరుగుతుంది. అది అలగా మారి రన్నర్ గుండా, అంటే ఆ సిలిండర్‌కు గాలి తెచ్చే గొట్టం గుండా, వెనక్కి పోతుంది. గొట్టం ప్లీనంలోకి (రన్నర్లన్నీ కలిసే గాలి పెట్టెలోకి) తెరుచుకునే చోట ప్రతిఫలించి మళ్ళీ వాల్వ్ దగ్గరకు వస్తుంది. మొదటి రాకలో అది ఒత్తిడి తగ్గిన అల, రెండో రాకలో ఒత్తిడి పెరిగిన అల, ఇలా మారుతూ ఉంటుంది. వాల్వ్ మళ్ళీ తెరుచుకునే వేళకు ఒత్తిడి పెరిగిన అల అక్కడికి చేరితే సిలిండర్‌లోకి గాలి ఎక్కువగా వెళుతుంది. రన్నర్ పొడవును నిర్ణయించేది ఈ సమయమే. ఇంజిన్ వేగం మారినప్పుడల్లా ఈ సమయమూ మారుతుంది కాబట్టి, స్థిరమైన గొట్టం పెట్టుకునేవారు ఏదో ఒక వేగాన్ని ఎంచుకోక తప్పదు. 1991లో లే మాన్స్ గెలిచిన మాజ్డా 787బీలో గొట్టాల పొడవు ఇంజిన్ వేగాన్ని బట్టి నిరంతరం మారేది. అలాంటి ఏర్పాటు నా చేతిలో పని కాదు.

నేను ఎంచుకున్నది 5,000 ఆర్‌పీఎం, అంటే నిమిషానికి 5,000 చుట్లు. నా క్యామ్‌తో (వాల్వులను తెరిచి మూసే ఇరుసుతో) ఇన్‌టేక్ వాల్వ్ 240 డిగ్రీలు తెరుచుకుని, 480 డిగ్రీలు మూసుకుని ఉంటుంది. ఆ వేగంలో 480 డిగ్రీలు తిరగడానికి 16 మిల్లీసెకన్లు పడుతుంది. ధ్వని వేగం సెకనుకు 343 మీటర్లు అనుకుంటే, ఆ వ్యవధిలో అల దాదాపు 5.5 మీటర్లు ప్రయాణిస్తుంది. ఎనిమిదో రాకను వాడుకోవాలనుకున్నాను. నాలుగో రాకలో అల ఇంకా బలంగా ఉంటుంది గానీ అంత పొడవైన గొట్టానికి బానెట్ కింద చోటు లేదు. ఎనిమిది సార్లు వెళ్ళిరావడమంటే పదహారు పొడవులు. 5.5 మీటర్లను 16తో భాగిస్తే 34 సెంటీమీటర్లు వచ్చింది. అంత పొడవు గొట్టాలే కోశాను.

పొరపాటు ఇక్కడే జరిగింది. అల బయలుదేరేది వాల్వ్ దగ్గర, మానిఫోల్డ్ ఫ్లాంజ్ (ఇంజిన్‌కు బోల్టులతో బిగించే పలక) దగ్గర కాదు. సిలిండర్ హెడ్ లోపల వాల్వ్ దాకా ఉన్న గాలి మార్గం, అంటే పోర్టు, పొడవు 9 సెంటీమీటర్లు. దాన్ని నేను లెక్కలోకి తీసుకోలేదు. అలా మొత్తం పొడవు 43 సెంటీమీటర్లు అయింది. తిరిగి లెక్కిస్తే అది దాదాపు 4,000 ఆర్‌పీఎంకు కుదిరే పొడవు. బానెట్ కింది గాలి వెచ్చగా ఉంటుంది, వెచ్చటి గాలిలో ధ్వని వేగంగా వెళుతుంది, అందుకే నా కారులో ఆ ఊపు 4,200 దగ్గర తెలిసేది. 5,500 దాటాక మాత్రం ఇంజిన్ ఆయాసపడుతున్నట్టు ఉండేది.

తప్పు తెలిశాక ఊరుకోలేకపోయాను. 25 సెంటీమీటర్ల రన్నర్లతో రెండోది చేశాను. అది చెప్పినట్టే పనిచేసింది, 5,000 పైన చక్కగా లాగింది. నాలుగు నెలలు దానితోనే తిరిగాను. ఎత్తు ఎక్కేటప్పుడు, నలుగురు కూర్చున్నప్పుడు, ముందున్న లారీని దాటాల్సి వచ్చినప్పుడు ప్రతిసారీ ఒక గేరు దించాల్సి వచ్చేది. నేను రోజూ నడిపే తీరులో సూది 4,500 దాటడమే అరుదు. అంటే నేను ఎప్పుడూ వెళ్ళని చోట బలం పెట్టుకుని, ఎప్పుడూ ఉండే చోట పోగొట్టుకున్నాను. ఐదో నెలలో దాన్ని విప్పి మొదటిదాన్ని తిరిగి బిగించాను. 1960 నాటి క్రైస్లర్ 300ఎఫ్‌లో దాదాపు 76 సెంటీమీటర్ల గొట్టాలు పెట్టడం వెనక ఉన్న ఆలోచన కూడా మధ్య వేగాల్లో బలం కోసమే. ఆ సంగతి నేను చదివే ఉన్నాను. కానీ ఆ నాలుగు నెలలు నడిపేదాకా నాకు అది పట్టలేదు.

పొడవు గురించి ఇంత చెప్పాను గానీ, నన్ను ఎక్కువగా వేధించింది పొడవు కాదు, ఫ్లాంజ్. 12 మిల్లీమీటర్ల అల్యూమినియం పలకను మందమైన ఉక్కు పలకకు బోల్టులతో బిగించి, ఆ తర్వాతే టిగ్ వెల్డింగ్ చేశాను. అయినా విప్పగానే మధ్యలో 0.4 మిల్లీమీటర్లు వంగింది. కొత్త గాస్కెట్ (రెండు లోహ ముఖాల మధ్య పెట్టే పలచటి పొర) ఆ సందును పూడుస్తుందని నమ్మి బిగించాను. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేస్తే ఐడిల్ (కారు నిలిచి ఉన్నప్పటి ఇంజిన్ వేగం) 900 నుంచి 1,400 దాకా పైకీ కిందికీ ఊగేది. ఈసీయూలో (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్‌లో) ఎన్ని అంకెలు మార్చినా తగ్గలేదు. చివరికి మానిఫోల్డ్‌లోకి పొగ పంపి చూస్తే, రెండు, మూడు సిలిండర్ల మధ్య సన్నగా బయటికి వచ్చింది. వెల్డింగ్ అంతా అయ్యాక ఫ్లాంజ్ ముఖాన్ని మిల్లింగ్ చేయించాను, అంటే యంత్రంతో గీకించి చదును చేయించాను, ఐడిల్ ఆ రోజే కుదుటపడింది. వెల్డింగ్‌కు ముందు మిల్లింగ్ చేయించడం వృథా ఖర్చు. మిల్లింగ్‌లో పోయే లోహాన్ని దృష్టిలో పెట్టుకుని పలకను కాస్త మందంగానే తీసుకోండి.

తర్వాతి సమస్య గాలి పంపకం. గాలిని లోపలికి వదిలే థ్రాటిల్ బాడీ ప్లీనంకు ఒక చివర ఉంది. 2.2 లీటర్ల పెట్టెలోకి వచ్చిన గాలి మొదటి రన్నర్‌ను దాటేసి అవతలి గోడ దగ్గర పోగయ్యేది. స్పార్క్ ప్లగ్గులు తీసి వరసగా పెట్టి చూస్తే నాలుగోది మిగతావాటికన్నా తెల్లగా ఉంది. అంటే ఆ సిలిండర్‌కు గాలి ఎక్కువై, పెట్రోలు చాలడం లేదు. ఎగ్జాస్ట్‌లోని ఆక్సిజన్ సెన్సర్ నాలుగు సిలిండర్ల సగటును చూపిస్తుంది కాబట్టి అది ఈ తేడాను పట్టుకోదు. ఇది నిర్లక్ష్యం చేస్తే పిస్టన్‌కే ముప్పు. ప్లీనం పైపలకను కోసి, అవతలి చివరకు పోయేకొద్దీ సన్నబడేలా మళ్ళీ కట్టాను. ప్రతి రన్నర్ నోటికీ 10 మిల్లీమీటర్ల వ్యాసార్ధంతో గుండ్రటి అంచు పెట్టాను. ఇప్పుడు ప్లగ్గుల రంగులో తేడా కంటికి కనిపించదు. మొదటిసారే ఇలా చేసి ఉంటే నెల రోజుల పని మిగిలేది.

22,000 కిలోమీటర్ల దగ్గర నాలుగో రన్నర్ మొదట్లో, వెల్డింగ్ అంచున, వెంట్రుకంత పగులు కనిపించింది. ప్లీనం బరువంతా ఫ్లాంజ్ మీదే వేలాడుతోంది, పైగా వెల్డింగ్ వేడికి చుట్టుపక్కల లోహం మెత్తబడి ఉంటుంది. పగులు పూడ్చి, ఇంజిన్ బ్లాక్ నుంచి ఒక ఆసరా పట్టీ ఇచ్చాను. కారు బాడీ నుంచి మాత్రం ఇవ్వకూడదు. ఇంజిన్ తన మౌంట్ల మీద కదులుతుంటే బాడీకి కట్టిన పట్టీ మానిఫోల్డ్‌ను ఇంకా త్వరగా విరుస్తుంది.

వేడి గురించి రెండు మాటలు. గాలి ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే సాంద్రత సుమారు 3 శాతం తగ్గుతుంది. అందుకే హెడ్‌కూ మానిఫోల్డ్‌కూ మధ్య వేడిని అంతగా పోనివ్వని 6 మిల్లీమీటర్ల ఫినాలిక్ పలక పెట్టాను. ట్రాఫిక్‌లో ఆగి కదిలినప్పుడు తేడా తెలిసింది. అంతకన్నా ముఖ్యం గాలి ఉష్ణోగ్రత సెన్సర్. మొదట దాన్ని ప్లీనం గోడకు బిగించాను. వేడి ఇంజిన్‌ను ఆపి పది నిమిషాల తర్వాత స్టార్ట్ చేస్తే తడబడేది. సెన్సర్ చెబుతున్నది గాలి వేడి కాదు, కాలిన లోహపు వేడి. అది చూసి ఈసీయూ పెట్రోలు తగ్గించేది. సెన్సర్‌ను థ్రాటిల్‌కు ముందున్న గొట్టంలోకి మార్చాను, ఇక తడబడలేదు.

బ్రేక్ బూస్టర్ (బ్రేకు నొక్కే బలాన్ని పెంచే పరికరం) గొట్టానికి ప్లీనం నుంచే నేరుగా మార్గం ఇవ్వండి. మరే చిన్న గొట్టంతోనూ దాన్ని పంచుకోనివ్వకండి. పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్, వాల్వ్ వెనక భాగాన్ని గురిపెట్టేలా కోణం చూసుకోండి. ఎప్పుడు ఎంత పెట్రోలు ఇవ్వాలో ఈసీయూకు చెప్పే అంకెలన్నీ కొత్తగా చేసుకోవాలి, మార్చుకోవడానికి వీలున్న ఈసీయూ లేకపోతే ఈ పని మొదలుపెట్టకండి. మైలేజీ పెరుగుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి, నాకు కారుతో వచ్చిన మానిఫోల్డ్‌తో ఎంత వచ్చేదో ఇప్పుడూ అంతే వస్తోంది.

గత నెల గాస్కెట్ మార్చడానికి విప్పాను. ఫ్లాంజ్ మీద ఉక్కు స్కేలు నిలబెట్టి 0.05 మిల్లీమీటర్ల ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచటి రేకు) దూర్చి చూస్తే ఎక్కడా దూరలేదు. ఆసరా పట్టీ దగ్గర కొత్త పగుళ్లు లేవు. గొట్టాల లోపల పలచటి నూనె పొర ఉంటే తుడిచాను. మధ్య నుంచి మొదలుపెట్టి చివరల దాకా బోల్టులు బిగించి, సాయంత్రానికి మళ్ళీ రోడ్డెక్కాను.