ఆప్టికల్ ప్లమ్మెట్ ఉన్న ట్రైబ్రాక్: తొమ్మిదేళ్ల వాడకం తర్వాత

ఫోటోలతో చేసే సర్వేలో కెమెరా గురించీ లెన్సు గురించీ ఎంతైనా చర్చ జరుగుతుంది గానీ, టార్గెట్‌ను (కొలతకు గురిగా పెట్టే గుర్తుపలకను) నేలమీది గుర్తుకు సరిగ్గా పైన నిలబెట్టే ట్రైబ్రాక్ (ట్రైపాడ్‌కూ పరికరానికీ మధ్య ఉండే, మూడు ఫుట్ స్క్రూలతో మట్టం చేసే పీఠం) ఊసు ఎవరూ ఎత్తరు. ఆప్టికల్ ప్లమ్మెట్ (నేలమీది గుర్తును నిట్టనిలువుగా కిందికి చూపే చిన్న దుర్భిణి) ఉన్న రెండు ట్రైబ్రాక్‌లను నేను తొమ్మిదేళ్లుగా వాడుతున్నాను. కట్టడాల ముఖభాగాలను దగ్గరనుంచి ఫోటోలు తీసి కొలిచే పనిలో కంట్రోల్ పాయింట్ల (స్థానం కచ్చితంగా తెలిసిన ఆధార బిందువుల) మీద టార్గెట్లనూ, అవసరమైనప్పుడు టోటల్ స్టేషన్‌నూ (కోణాలనూ దూరాలనూ కొలిచే పరికరాన్నీ) వీటిపైనే నిలుపుతాను.

మొదట మెచ్చుకోవలసింది వీటి పట్టు. మీట తిప్పి టార్గెట్‌ను తీసేసి, అదే ట్రైబ్రాక్‌లో టోటల్ స్టేషన్‌ను కూర్చోబెడితే, పరికరం మారినా కేంద్రం మారదు. దారానికి వేలాడుతూ గాలికి ఊగే తూకపు గుండు, అంటే ప్లంబ్ బాబ్‌తో కుస్తీ పట్టిన వాళ్లకు ఈ సౌకర్యం విలువ చెప్పనక్కర్లేదు. అయితే ఈ పట్టు రెండు పరికరాల మధ్య కేంద్రాన్ని మాత్రమే కాపాడుతుంది. ట్రైబ్రాక్ నేలమీది గుర్తుకు సరిగ్గా పైన ఉందా లేదా అన్నది ప్లమ్మెట్ నిజాయితీ మీద ఆధారపడి ఉంటుంది.

ఆ నిజాయితీ మూడో ఏడాదిలో తప్పింది. ఒక పనిలో టార్గెట్ల దగ్గర 3, 4 మిల్లీమీటర్ల తేడాలు రావడంతో నేను కెమెరానే అనుమానించి, దాన్ని అడ్డంగానూ నిలువుగానూ తిప్పి కొత్త ఫోటోలు తీసి, ఫోకల్ లెంగ్త్, ప్రిన్సిపల్ పాయింట్ (లెన్సు అక్షం ఫోటోను తాకే బిందువు), లెన్సు వక్రత అన్నీ మళ్లీ లెక్కగట్టాను. రెండుసార్లు ఆ పని చేసినా తేడాలు కదలలేదు. లెన్సు వక్రతలో తప్పు ఉంటే తేడాలు ఫోటో మధ్యనుంచి అంచులకు పోయేకొద్దీ పెరగాలి. ఇక్కడ ఫోటోల్లోని కొలతలు పిక్సెల్‌లో సగానికి లోపే సరిపోతుండగా, ఒక్కో టార్గెట్ ఒక్కో దిక్కుకు జరిగినట్టు కనిపించింది. ఆ నమూనాను మొదటి రోజే చదివి ఉంటే వారం మిగిలేది.

అప్పుడు చేసిన పరీక్షనే ఇప్పుడు ప్రతి పెద్ద పనికి ముందు చేస్తున్నాను. ట్రైపాడ్ తల మీద ట్రైబ్రాక్ అంచును పెన్సిల్‌తో గీసి, పైన పెట్టిన పరికరంలోని పొడుగు బుడగతో మట్టం చేసి, ప్లమ్మెట్‌లో క్రాస్‌హెయిర్ (గురి చూపే అడ్డ, నిలువు గీతలు) పడిన చోటును నేలమీద అతికించిన కాగితంపై గుర్తిస్తాను. తర్వాత ట్రైబ్రాక్‌ను మూడో వంతు తిప్పి, అదే గీతల్లో కూర్చోబెట్టి మళ్లీ మట్టం చేసి రెండో గుర్తు, అలాగే మూడోది పెడతాను. మూడూ ఒకటైతే ప్లమ్మెట్ బాగున్నట్టు. త్రిభుజం ఏర్పడితే దాని మధ్య బిందువే నిజమైన లంబం కాబట్టి, సర్దుబాటు స్క్రూలతో క్రాస్‌హెయిర్‌ను అక్కడికి తెస్తాను. టోటల్ స్టేషన్‌లోనే ప్లమ్మెట్ ఉంటే ఇంత శ్రమ లేదు: దాన్ని 180 డిగ్రీలు తిప్పి, కనిపించిన జరుగుదలలో సగాన్ని మాత్రమే దిద్దాలి. మొత్తం దిద్దితే తప్పు అటునుంచి ఇటు మారుతుందంతే.

ట్రైబ్రాక్‌కు ఉండే గుండ్రటి బుడగ మీద నాకు పెద్ద నమ్మకం లేదు. అది 2 మిల్లీమీటర్లు జరగడానికి సాధారణంగా 8 కోణ నిమిషాల (డిగ్రీలో అరవయ్యో వంతు ఒక నిమిషం) వంపు కావాలి, నేలకు 1.5 మీటర్ల ఎత్తులో ఆ వంపే దాదాపు మూడున్నర మిల్లీమీటర్ల పక్క జరుగుదల అవుతుంది. కాబట్టి గుండ్రటి బుడగను త్వరగా ఉజ్జాయింపు మట్టం చేయడానికే వాడి, చివరి మట్టానికి పొడుగు బుడగనే నమ్మాలి. ఐపీస్‌ను ఎవరి కంటికి వాళ్లు సరిచేసుకోకపోతే పారలాక్స్ (కన్ను కదిలితే గుర్తు మీద క్రాస్‌హెయిర్ జరిగినట్టు కనిపించడం) వల్ల మరో అర మిల్లీమీటర్ కలుస్తుంది. పక్కవాడు సరిచేసిన ఐపీస్‌లో చూసి "సరిగ్గానే ఉంది" అనేవాళ్లను చాలామందిని చూశాను. మసక వెలుతురులో గుర్తు కనబడక ఇబ్బందే; లేజర్ ప్లమ్మెట్ అక్కడ మేలు, కానీ మిట్టమధ్యాహ్నపు ఎండలో దాని చుక్క వెలిసిపోతుంది.

ఒక ట్రైబ్రాక్‌లో ఇప్పుడు ఒక ఫుట్ స్క్రూ కొద్దిగా వదులైంది. బిగించాక కూడా కోణాల కొలతల్లో చిన్న ఊగిసలాట మిగలడంతో దాన్ని టోటల్ స్టేషన్ కింద పెట్టడం మానేసి, టార్గెట్లకే పరిమితం చేశాను. రెండోది ఇంకా టోటల్ స్టేషన్ కిందే పనిచేస్తోంది.