మట్టి వాసనకు కార్బన్ ఫిల్టర్: ఏడు నెలల వాడకం తర్వాత

వంటింటి కుళాయికి బిగించుకునే ఒక కార్బన్ ఫిల్టర్‌ను ఏడు నెలలుగా వాడుతున్నాను. మాకు నీరందించే జలాశయంలో ఎండలు ముదిరాక నాచు పెరిగి, కుళాయి తిప్పగానే మట్టి వాసన, బూజు వాసన కలిసి రావడం మొదలైంది కాబట్టి దీన్ని కొన్నాను. బిగించిన రోజున ఫిల్టర్ నీళ్లనూ మామూలు నీళ్లనూ గోరువెచ్చగా చేసి, ఏది ఏదో చెప్పకుండా ఇంట్లో వాళ్లకు ఇస్తే, వాసన చూసి తడుముకోకుండా గుర్తుపట్టారు. ఆ ఒక్క పనికి ఇది నిస్సందేహంగా పనికొస్తుంది.

ఆ వాసనకు ప్రధాన కారణం నీలి-ఆకుపచ్చ నాచు, అంటే సయనోబ్యాక్టీరియా, తయారుచేసే జియోస్మిన్, ఎం.ఐ.బి. (మిథైల్ ఐసోబోర్నియోల్) అనే పదార్థాలు. తొలకరి చినుకులకు నేల నుంచి లేచే వాసన కూడా జియోస్మిన్‌దే. లీటరు నీటిలో సుమారు 10 నానోగ్రాములున్నా (నానోగ్రాము అంటే గ్రాములో వంద కోట్లవ వంతు) మన ముక్కు పసిగడుతుంది. పటిక వేసి తేర్చినా, ఇసుకలో వడకట్టినా, క్లోరిన్ కలిపినా ఇవి పెద్దగా తగ్గవు. యాక్టివేటెడ్ కార్బన్‌లోని, అంటే ప్రత్యేకంగా తయారుచేసిన బొగ్గులోని, సూక్ష్మరంధ్రాలు మాత్రం వీటిని పట్టి ఉంచుతాయి. శుద్ధి కేంద్రాల్లోనూ ఈ బొగ్గు పొడినే నీటిలో కలుపుతుంటారు.

అయితే ఆ రంధ్రాలు నిండిపోతాయి. పన్నెండు నెలలు పనిచేస్తుందని ఫిల్టర్‌తో వచ్చిన పుస్తకంలో రాసిన కాట్రిడ్జ్ (లోపల కార్బన్ ఉండే, మార్చుకునే భాగం), ఐదో నెలలోనే వాసనను ఆపకుండా వదిలేయడం మొదలుపెట్టింది, ధార కూడా సన్నబడింది. పిలిస్తే వచ్చిన మెకానిక్ టీడీఎస్ మీటర్ ముంచి, "చూడండి సార్, నంబరు మారలేదు, ఇంకా వాడుకోవచ్చు" అన్నాడు. ఆ మీటర్ కొలిచేది కరిగిన లవణాలను; వాటిని కార్బన్ తొలగించదు, నానోగ్రాముల్లో ఉండే వాసన పదార్థాలు ఆ మీటర్‌కు కనిపించవు. పాత కాట్రిడ్జ్‌ను కోసి చూస్తే పైపొరంతా పచ్చటి జిగురు పట్టి ఉంది. కార్బన్ క్లోరిన్‌ను కూడా పీల్చేస్తుంది కాబట్టి లోపల సూక్ష్మజీవులు పెరిగే వీలుంది. ఊరెళ్లి వచ్చాక కాసేపు నీటిని వదిలేశాకే పట్టుకోవాలన్న మాట పుస్తకంలో ఎక్కడా లేదు.

నన్ను ఎక్కువగా బాధించింది పెట్టె మీదున్న "నాచు నుంచి పూర్తి రక్షణ" అనే రాత. కొన్ని రకాల సయనోబ్యాక్టీరియా కాలేయాన్ని దెబ్బతీసే మైక్రోసిస్టిన్ అనే విషాన్ని తయారుచేస్తాయి. తాగే నీటిలో ఆ విషంలో ఒక రకమైన మైక్రోసిస్టిన్-ఎల్ఆర్‌కు జీవితకాల వాడకానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి లీటరుకు 1 మైక్రోగ్రాము. వాసన లేనంత మాత్రాన విషం లేదని కాదు, మరిగించినా అది పోదు. 2014 ఆగస్టులో అమెరికాలోని టొలెడోలో ఈరీ సరస్సు నాచు వల్ల 4 లక్షల మందికి పైగా కుళాయి నీరు తాగవద్దని, మరిగించి కూడా వాడవద్దని చెప్పాల్సి వచ్చింది. ఈ ఫిల్టర్‌ను ఆ విషం మీద పరీక్షించినట్టు ఒక్క ఆధారమూ ఇవ్వకుండా పూర్తి రక్షణ అనడం తప్పు.

నిజానికి ఆ రక్షణ జలాశయం దగ్గర, శుద్ధి కేంద్రంలో మొదలవ్వాలి. నాచు పగటిపూట చేసే కిరణజన్య సంయోగక్రియ వల్ల నీటి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 9 దాటితే పటిక సరిగ్గా పనిచేయదు. తొందరపడి ముందే క్లోరిన్ కలిపితే నాచు కణాలు పగిలి లోపలి విషం, వాసన నీటిలోకి వస్తాయి కాబట్టి కణాలను చెదరకుండా ముందుగా తీసేయడమే మేలు. నాచు తేలే పైపొరను వదిలి మరీ అడుగు నుంచి నీరు తీసుకుంటే, ఆక్సిజన్ లేని చోట కరిగిన ఇనుము, మాంగనీస్ వచ్చిపడతాయి. ఇంత నేర్పుతో చేయాల్సిన పనిని సింకు పక్కన తగిలించే గొట్టం చేయలేదు.

వాసన కోసమే అయితే కొనండి, నాచు కాలంలో కాట్రిడ్జ్‌ను నాలుగు నెలలకే మార్చండి. నీరు తాగవద్దని హెచ్చరిక వచ్చిన రోజున మాత్రం దీన్ని నమ్ముకోకండి.